ఆరుద్ర పురుగు ఫొటోలో ఎర్రటి ముద్దలా వస్తోంది, ఏం చేయాలి?

భీమిలి బాట
జూన్ 27, ఉదయం 9:40

అందరికీ నమస్కారం. మొన్నటి వానకి విశాఖ ఎర్రమట్టి దిబ్బల దగ్గర ఆరుద్ర పురుగులు బాగా బయటికి వచ్చాయి. నిన్న తెల్లవారగానే వెళ్లి ఫొటోలు తీశాను. కంటికి ఎంత అందంగా ఉన్నాయో! ఒళ్లంతా దట్టమైన నూగు, వెన్ను మీద వేలితో నొక్కినట్టు సన్నటి గుంతలు, ముందరి కాళ్లతో నేలను తడుముకుంటూ నడక. ఫొటోలో మాత్రం అవేవీ లేవు. ఎర్రటి నేల మీద ఎర్రటి ముద్ద పడి ఉన్నట్టుంది. ఎటువైపు తలో కూడా పోల్చుకోలేకపోతున్నాను.

నా దగ్గర ఉన్నవి కెనాన్ క్రాప్ సెన్సర్ కెమెరా, దానితో వచ్చిన 18–55 లెన్సు, తర్వాత కొన్న 55–250 జూమ్. చిన్నవాటిని పెద్దగా తీసే మాక్రో లెన్సు లేదు. ఫోకస్ సరిగ్గానే ఉంది, పక్కనున్న ఇసుక రేణువులు విడివిడిగా కనిపిస్తున్నాయి. వెలుగు ఎంత పడిందో గీతలో చూపే హిస్టోగ్రామ్ కూడా మధ్యలోనే ఉంది, కుడి అంచుకు తగలలేదు. మరి పురుగు ఒక్కటే ఎందుకిలా వస్తోంది? కార్తె దాటితే మళ్లీ వచ్చే ఏడాది దాకా ఆగాలి. తెలిసినవారు కాస్త త్వరగా చెప్పగలరు.


పాత కెమెరా
జూన్ 27, ఉదయం 10:25

ఫోకస్‌లో లోపమేమీ లేదండీ. ఎరుపు ఒక్కటే హద్దు దాటింది.

కెమెరా తెర మీద మామూలుగా కనిపించే హిస్టోగ్రామ్ మూడు రంగులనూ కలిపి కట్టిన లెక్క. అందులో ఆకుపచ్చకు సుమారు 60 శాతం, ఎరుపుకు 30, నీలానికి 10 శాతం విలువ ఇస్తారు. ఆరుద్ర పురుగు ఒంటి మీది నుంచి వచ్చే వెలుగులో దాదాపు అంతా ఎరుపే. ఎరుపు పూర్తిగా నిండిపోయినా మిగతా రెండూ ఖాళీగా ఉండటం వల్ల, కలిపి చూస్తే అంతా సవ్యంగానే ఉన్నట్టు కనిపిస్తుంది. నిండిపోయిన చోట వెలుగునీడల తేడా ఉండదు. ఆ తేడా లేకపోతే నూగు ఎలా కనిపిస్తుంది? ఎర్ర మందారానికీ, మోదుగ పువ్వుకీ ఇదే ఇబ్బంది.

మెనూలో హిస్టోగ్రామ్‌ను మూడు రంగులు విడివిడిగా చూపేలా మార్చుకోండి. ఎరుపు కుడి అంచును తాకకుండా ఉండేదాకా ఎక్స్‌పోజర్ తగ్గించండి. ఒక స్టాప్ (అంటే వెలుగు సగానికి), ఒక్కోసారి ఒకటిన్నర దాకా తగ్గించాల్సి వస్తుంది. తెర మీద చిత్రం చీకటిగా ఉంటుంది, దానికి కంగారు పడకండి. ఇకపైన రా ఫైళ్లే (కెమెరా సవరించని అసలు డేటా) తీయండి. వైట్ బాలెన్స్ సవరించేటప్పుడు కెమెరా ఎరుపును పెంచుతుంది కాబట్టి, జేపెగ్‌లో పోయిన వివరం రా ఫైలులో చాలాసార్లు మిగిలే ఉంటుంది. నిన్నటివి రా ఫైళ్లయితే చెరిపేయకండి.

ఇక వెలుగు. నూగు కనబడాలంటే అది పక్క నుంచి గానీ కాస్త వెనక నుంచి గానీ రావాలి. కెమెరా మీది ఫ్లాష్ ఎదురుగా కొడితే ప్రతి వెంట్రుక నీడా దాని వెనకే దాక్కుంటుంది. వాన వెలిసిన మబ్బు వెలుతురు బాగుంటుంది. ఒకవైపు అరచేతిని అడ్డం పెట్టి చూడండి, ఆ కాస్త నీడకే నూగు ఎలా లేస్తుందో మీకే తెలుస్తుంది.


తూనీగ
జూన్ 27, మధ్యాహ్నం 12:05

పాత కెమెరా మాస్టారు చెప్పినదానికి ఒక్క మాట కలుపుతాను. అక్కడి ఇసుక రేణువుల మీద ఇనుప ఆక్సైడ్ పూత ఉంటుంది, ఆ ఎరుపంతా దానిదే. ఎర్రటి నేల మీద ఎర్రటి ప్రాణి. ఎక్స్‌పోజర్ ఎంత సరిచేసినా రెండూ కలిసిపోతాయి. పురుగును ఎత్తి ఆకు మీద పెట్టకండి, నడవనివ్వండి. కాసేపటికి అదే గడ్డిపరక ఎక్కుతుంది, లేదా రాలిన జీడాకు మీదుగా వెళ్తుంది. తడిసి నల్లబడిన ఆకు మీద ఆ ఎరుపు ఎంత నిండుగా ఉంటుందో చూడండి.

ఆరుద్ర పురుగు నిజానికి కీటకం కాదని గుర్తుంచుకుంటే ఎక్కడ ఫోకస్ చేయాలో తెలుస్తుంది. సాలీళ్లకు, తేళ్లకు దగ్గరి చుట్టం. పెద్దవాటికి ఎనిమిది కాళ్లు, పిల్లలకు ఆరే. పిల్లగా ఉన్నప్పుడు మిడతల వంటి వాటి ఒంటికి అంటుకుని వాటి రసం పీల్చుకుని బతుకుతుంది. పెద్దయ్యాక మట్టిలో ఉంటూ చిన్న పురుగుల్నీ, వాటి గుడ్లనూ తింటుంది. ఏడాదిలో ఎక్కువ భాగం నేల లోపలే గడిపి, మంచి వాన పడ్డాక కొన్ని గంటల పాటు పైకి వస్తుంది. తిండి, జత, అన్నీ ఆ కొద్దిసేపట్లోనే. మగది పుల్లల మీదా ఆకుల మీదా వీర్యపు చుక్కలు ఉంచి, అక్కడి దాకా సన్నటి పట్టుదారంతో దారి వేస్తుంది. ఆడది ఆ దారి పట్టుకుని వస్తుంది. మీ కెమెరాకు ఆ దారం చిక్కితే అంతకంటే గొప్ప ఫొటో ఉండదు. ఎదురు వెలుగులో, చాలా కింద నుంచి వెతకండి.


భీమిలి బాట
జూన్ 27, రాత్రి 8:50

రా ఫైళ్లే! సాయంత్రం కూర్చుని ఎరుపు వెలుగు తగ్గిస్తే వెన్ను మీది గుంతలు బయటపడ్డాయి. ఒకదాంట్లో నూగు అంచున మెరుపు కూడా కనిపించింది. మాస్టారికీ, తూనీగ గారికీ ఎన్ని కృతజ్ఞతలు చెప్పినా చాలవు. మరి ఇంకా పెద్దగా తీయాలంటే మాక్రో లెన్సు కొనక తప్పదా?


కొండగాలి
జూన్ 27, రాత్రి 10:15

లెన్సు సంగతి తర్వాత. ముందు పురుగు కదలకుండా ఉండాలి. నేనైతే చిన్న డబ్బాలో పట్టుకొచ్చి, ఫ్రిజ్‌లో కాసేపు ఉంచి, నల్ల కాగితం మీద పెట్టి తీస్తాను. ఫోకస్ కొద్దికొద్దిగా జరుపుతూ వరుసగా ఫ్రేములు తీసి కలిపితే తల నుంచి వెనక దాకా అంతా స్పష్టంగా వస్తుంది. తర్వాత వదిలేస్తాను, దానికేమీ కాదు. పరిశోధకులు కూడా ఇలాగే చేస్తారు.


తూనీగ
జూన్ 28, ఉదయం 6:30

కొండగాలి గారూ, ఈ విషయంలో నాకు గట్టి అభ్యంతరం ఉంది.

పరిశోధకుడు కొలతకో, గుర్తింపుకో ఆ పని చేస్తాడు. దానికి కారణం రాసి, అనుమతి తీసుకుంటాడు. మనం చేసేది ఫొటో కోసం. ఏడాదంతా ఎదురుచూసి కొన్ని గంటలకు పైకి వచ్చిన ప్రాణిని ఆ గంటల్లోనే డబ్బాలో పెడితే దాని ఏడాది పోయినట్టే. వదిలిన చోటు పట్టుకున్న చోటు కాకపోతే మరీ అన్యాయం.

పైగా ఫొటో కూడా చెడుతుంది. చల్లబడిన పురుగు కాళ్లు లోపలికి ముడుచుకుంటాయి, ఒంటి మీద తేమ పడుతుంది. పురుగుల్ని రోజూ చూసేవాళ్లు అది బతికిన భంగిమ కాదని ఇట్టే పసిగడతారు. కదలని పురుగు కావాలంటే దానికి వేళ ఉంది. పురుగుల ఒంటి వేడి బయటి వేడిని బట్టే ఉంటుంది కాబట్టి తెల్లవారుజామున వాటంతట అవే మగతగా ఉంటాయి. శీతాకాలం అరకులోనో అనంతగిరిలోనో పొద్దు పొడవకముందు గడ్డి మీద తూనీగలు మంచు బొట్లతో నిండి, మీరు ఎంత దగ్గరికి వెళ్లినా కదలవు.

ఇక్కడ విశాఖ నగరంలోనే, చలికాలం దాకా ఆగకుండా చూడగలిగేవి నీలి చారల తేనెటీగలు. పొద్దుగూకే వేళ మగవి గుంపుగా వచ్చి ఎండిన పుల్లను దవడలతో కరిచి పట్టుకుని, కాళ్లు వదిలేసి, అలా వేలాడుతూనే నిద్రపోతాయి. చాలాసార్లు రోజూ అదే పుల్లకు వస్తాయి. ఒకసారి చోటు తెలిసిందంటే మీ వరుస ఫ్రేములన్నీ తీరిగ్గా తీసుకోవచ్చు. టార్చి వెలుగు మాత్రం మెత్తగా ఉండాలి, పుల్లను తాకకూడదు.


కొండగాలి
జూన్ 28, ఉదయం 8:10

తేనెటీగల సంగతి మంచిదే, వెతుకుతాను. కానీ చిన్న చీమకీ, పేనుబంకకీ గాలి కదలికే చాలు, బయట వరుస ఫ్రేములు తీయడం అయ్యే పని కాదు. ఇంట్లో, బల్ల మీద తీస్తేనే ఆ స్పష్టత వస్తుంది. దాని విలువ దానికుంది.


గవ్వల తీరం
జూన్ 28, ఉదయం 8:55

గాలి గురించి నేను చెబుతాను, ఎందుకంటే నేను తీసేవన్నీ సముద్రం ఒడ్డునే.

విశాఖలో గాలికి వేళలున్నాయి. వాతావరణం నిలకడగా ఉన్న రోజుల్లో రాత్రి నేల మీది నుంచి సముద్రం వైపు వీచే గాలి తగ్గి, పగటి సముద్రపు గాలి ఇంకా మొదలుకాని వ్యవధి ఒకటి పొద్దున్నే దొరుకుతుంది. అప్పుడు గడ్డిపరక కూడా కదలదు. ఎండ ఎక్కి నేల వేడెక్కాక సముద్రపు గాలి లేస్తుంది, ఇక మధ్యాహ్నమంతా అంతే. వానకాలంలో ఈ లెక్క తప్పుతూ ఉంటుంది కానీ, అప్పుడు కూడా కొండ మాటున గాలి తక్కువ. కైలాసగిరి వాలులో సముద్రానికి ఎదురుగా ఉన్న పొదల్ని వదిలి, వెనకవైపు పొదల్ని చూడండి. కొమ్మను పట్టుకోవాల్సి వస్తే, బట్టలారేసే క్లిప్పును సన్నటి కర్రకు కట్టి నేలలో గుచ్చితే సరిపోతుంది.

తెన్నేటి పార్కు కింద, రుషికొండ వైపు బండల మధ్య నిలిచే నీటి గుంటలు చూశారా? అమావాస్యకీ పౌర్ణమికీ నీరు బాగా వెనక్కి తగ్గుతుంది. ఆటు వేళ తెలుసుకుని, నీరు ఇంకా తగ్గుతుండగానే వెళ్లాలి, పెరగడం మొదలుకాగానే వచ్చేయాలి. ఆ గుంటల్లో పీతలు, సముద్రపు పూల వంటి ఎనిమోన్లు, రాళ్లకు అంటుకున్న గుల్లలు ఉంటాయి. నీటి మీద ఆకాశం మెరుస్తుంటే పోలరైజర్ ఫిల్టర్ తిప్పుతూ మెరుపు పోయేచోట ఆపండి. రాయి తిరగేస్తే మళ్లీ యథాస్థానంలో పెట్టాలి. దాని కింద బతికేవి ఎండకు నిలవవు.

ఉప్పు తుంపర పడిన అద్దాన్ని పొడిబట్టతో రుద్దవద్దు. ముందు కాస్త తడిబట్టతో ఉప్పును కరిగించి, తర్వాత తుడవాలి.


సెల్లు చిత్రాలు
జూన్ 28, సాయంత్రం 5:20

అందరికీ నమస్కారం. నేను కాలేజీ విద్యార్థిని. నా దగ్గర ఫోను తప్ప వేరే కెమెరా లేదు. అందులో మాక్రో అని ఒక కెమెరా ఉంది కానీ ఫొటోలు మసకగా వస్తున్నాయి. క్లిప్పు లెన్సు కొనమంటారా, డబ్బు దాచుకుని కెమెరా కొనమంటారా?


పాత కెమెరా
జూన్ 28, రాత్రి 7:45

ఇద్దరికీ కలిపి జవాబు రాస్తాను.

భీమిలి బాట గారూ, మాక్రో లెన్సు అవసరం లేదు. మీ 55–250 ముందు రేనాక్స్ డీసీఆర్-250 అనే క్లోజప్ అద్దం తగిలించండి. అది 8 డయాప్టర్ల అద్దం, అంటే దాని ఫోకల్ లెంగ్త్ 125 మిల్లీమీటర్లు. లెన్సును అనంతానికి ఫోకస్ చేస్తే, మీ జూమ్‌ను 125తో భాగించగా వచ్చేదే మీకు దక్కే పరిమాణం. జూమ్ 125 దగ్గర 1:1, అంటే సెన్సర్ మీద పురుగు అసలు సైజులోనే పడుతుంది; 250 దగ్గర 2 రెట్లు. పురుగుకూ అద్దానికీ మధ్య సుమారు పన్నెండు సెంటీమీటర్ల దూరం మిగులుతుంది, అది చాలా ముఖ్యం. దీనివల్ల వెలుగు కూడా తగ్గదు.

లెన్సుకూ కెమెరాకూ మధ్య పెట్టే ఖాళీ గొట్టాలు, అంటే ఎక్స్‌టెన్షన్ ట్యూబులు, మరో దారి. 50 మిల్లీమీటర్ల లెన్సు వెనక 50 మిల్లీమీటర్ల ట్యూబు పెడితే 1:1. కాకపోతే రెండు స్టాపుల వెలుగు పోతుంది, పురుగు అద్దానికి బాగా దగ్గరవుతుంది. పువ్వులకు ఇది హాయిగా ఉంటుంది, తూనీగలకు కాదు. మీ 18–55ను తిప్పి బిగించే రివర్స్ రింగ్ అన్నిటికంటే చవక. దాంతో 18 దగ్గర చాలా పెద్దగా వస్తుంది, కానీ ఎపర్చరు (లెన్సు లోపల వెలుగును అదుపు చేసే రంధ్రం) కెమెరా అదుపులో ఉండదు, దూరం కొన్ని సెంటీమీటర్లే. ఓపిక ఉంటేనే ఆ దారిన వెళ్లండి.

ఏ దారైనా 1:1 దగ్గర స్పష్టంగా ఉండే లోతు ఎంతో తెలుసుకోవాలి. రేనాక్స్‌తో ఎపర్చరు ఎఫ్/11 దగ్గర అర మిల్లీమీటరుకు అటూ ఇటూ. 2 రెట్లకు వెళ్తే అందులో నాలుగో వంతు. అందుకే మొదట 1:1 దగ్గరే చేయి కుదర్చుకోండి. ఆటో ఫోకస్ ఆపేసి, కెమెరాను ముందుకూ వెనక్కూ జరుపుతూ కన్ను స్పష్టంగా ఉన్న క్షణంలో నొక్కండి. పురుగు ఒడ్డూ పొడుగూ సెన్సర్‌కు సమాంతరంగా ఉండేలా మీరే పక్కకు జరిగితే ఆ అర మిల్లీమీటరే చాలాసార్లు సరిపోతుంది. ఇంకా లోతు కావాలని ఎఫ్/22కి వెళ్తే వెలుగు చెదిరి, చిత్రమంతా మెత్తబడుతుంది.

ఫ్లాష్ వాడితే దాని ముందు ట్రేసింగ్ కాగితమో పలుచటి తెల్ల ఫోమ్ షీటో వంచి పెట్టి, పురుగుకు వీలైనంత దగ్గరగా తీసుకురండి. పురుగు చిన్నది కాబట్టి అరచేయంత కాగితం కూడా దానికి మబ్బు కమ్మిన ఆకాశమే. తక్కువ శక్తిలో ఫ్లాష్ వెలిగేది సెకనులో అతి స్వల్ప భాగం, కాబట్టి చేతి వణుకు ఫొటోలోకి రాదు.

అమ్మా సెల్లు చిత్రాలూ, ఆ మాక్రో కెమెరాను వదిలేయండి. చాలా ఫోన్లలో దానికి చిన్న సెన్సర్ పెడతారు. అసలు కెమెరా ముందు మంచి క్లిప్పు లెన్సు పెట్టుకోండి. పురుగుకు కొన్ని సెంటీమీటర్ల దూరం దాకా వెళ్లాల్సి ఉంటుంది కాబట్టి గొంగళి పురుగులు, సాలీళ్లు, పువ్వులు, గింజలతో మొదలుపెట్టండి. మోచేతులు నేలకు ఆన్చి, వరుసగా తీసే పద్ధతిలో తీసి, మంచిది ఏరుకోండి. కెమెరాకు తొందరలేదు.


తూనీగ
జూన్ 28, రాత్రి 9:10

సెల్లు చిత్రాలు గారికి ఒక చిట్టా. ఇంట్లో కరివేపాకు మొక్కో నిమ్మ మొక్కో ఉందా? లేత ఆకుల మీద పిట్ట రెట్టలా నలుపూ తెలుపూ కలిసిన చిన్న ముద్ద కనిపిస్తే తుడిచేయకండి, అది నిమ్మ సీతాకోకచిలుక గొంగళి పురుగు. పక్షులు రెట్ట అనుకుని వదిలేస్తాయి. పెరిగాక పూర్తిగా ఆకుపచ్చగా మారుతుంది. దాన్ని రేపితే తల వెనక నుంచి రెండు పాయల కొమ్ము లాంటిది బయటికి పొడుచుకొచ్చి ఘాటైన వాసన వేస్తుంది. అది ఫొటోకి బాగుంటుందని పదేపదే పొడవకండి, దానికి అది భయం. అపార్ట్‌మెంట్ల ముందు వరుసగా నాటే నిటారు అశోక చెట్ల లేత ఆకుల మీద టెయిల్డ్ జే అనే సీతాకోకచిలుక గొంగళి పురుగులుంటాయి. వీటికి ఫోను చాలు.

ఇక జిల్లేడు. బీచి రోడ్డు పక్కన, ఇసుకలో, ఖాళీ స్థలాల్లో ఎక్కడ చూసినా ఉండేదే కాబట్టి ఎవరూ ఆగి చూడరు. పువ్వు మధ్యలో కిరీటంలా లేచిన భాగాన్ని దగ్గరగా తీయండి. దాని పుప్పొడి పొడిగా రాలదు, జంట తిత్తులుగా ఉంటుంది. తుమ్మెద కాలు ఆ చీలికలో పడితే తిత్తి కొక్కెంలా కాలికి తగులుకుని తర్వాతి పువ్వుకు వెళ్తుంది. తుమ్మెద కాళ్ల మీద పసుపు పచ్చటి తిత్తులు వేలాడుతున్న ఫొటో ఒక్కటి తీశారంటే, ఆ పువ్వు అలా ఎందుకుందో చూపించినట్టే. ఆకుల అడుగున చారల గొంగళి పురుగు ఉంటే అది ప్లెయిన్ టైగర్ సీతాకోకచిలుకది. జిల్లేడు విషాన్ని ఒంట్లో దాచుకుంటుంది కాబట్టి పక్షులు దాని జోలికి రావు. డానైడ్ ఎగ్‌ఫ్లై అనే మరో సీతాకోకచిలుకలో ఆడది ఏ విషమూ లేకుండానే ప్లెయిన్ టైగర్ రెక్కల రంగులు తొడుక్కుని బతికిపోతుంది. రెక్కలు ముడిచినప్పుడు ఒకటి, విప్పినప్పుడు ఒకటి తీస్తేనే ఏది ఏదో తేల్చగలం.


జీడితోట
జూన్ 29, ఉదయం 11:30

ఇన్నాళ్లూ చదువుతూ ఉన్నాను, ఈరోజు రాయక తప్పలేదు.

జీడి, మామిడి చెట్ల మీద ఆకుల్ని కలిపి కుట్టి గూడు కట్టే ఎర్రచీమలు తెలుసు కదా. పెద్ద చీమలకు పట్టుదారం రాదు. కొన్ని చీమలు ఆకుల అంచుల్ని దగ్గరికి లాగి పట్టుకుంటే, ఇంకొన్ని తమ పిల్లపురుగుల్ని నోట పట్టుకుని అటూ ఇటూ తిప్పుతాయి. పిల్లల నోటి నుంచి వచ్చే దారమే కుట్టు. ఈ పని మొత్తం చూడాలంటే గూటికి కాస్త ఎడంగా, చీమల దారికి అడ్డు రాకుండా నిలబడాలి. దగ్గరికి వెళ్తే అన్నీ పని మాని మీ మీదికి వస్తాయి, కుట్టు ఆగిపోతుంది.

ఈ ఉదయం ఆ చీమల వరుస అంచున ఒక చీమ తేడాగా నడుస్తోంది. మిగతావి ఎదురుపడితే మీసాలు తాకించుకుని సాగుతున్నాయి. ఇది మాత్రం ప్రతిసారీ పక్కకు తప్పుకుంటోంది. లెన్సులో చూస్తే మీసాలు లేవు. ముందరి కాళ్లు రెండూ పైకెత్తి మీసాల్లా ఆడిస్తోంది. తల దగ్గర సన్నటి నొక్కు వల్ల ఒళ్లు మూడు భాగాలుగా కనిపిస్తోంది, నిజానికి ఉన్నవి రెండే. ఎదురుగా తిరిగేసరికి రెండు పెద్ద గుండ్రటి కళ్లు నన్నే చూస్తున్నాయి. చీమ సాలీడు! నా ఒళ్లు జలదరించింది. గంతులు వేసే సాలీళ్ల కుటుంబం అది, ఎనిమిది కళ్లలో ఎదుటి రెండూ పెద్దవి. ఆ కళ్ల లోపలి గొట్టాలు కదులుతాయి కాబట్టి మనం చూస్తుండగానే కంటి రంగు నలుపు నుంచి గోధుమకు మారుతుంది. వెంట వెంట తీసిన ఫొటోల్లో ఆ తేడా పట్టుకోగలిగాను. మగదానికి దవడలు ఎంత పొడుగంటే, ఒక చీమ మరో చీమను నోట కరుచుకు పోతున్నట్టే ఉంటుంది.

కొండగాలి గారూ, మీరు బల్ల మీద పెట్టి తీస్తే ఇది ఎనిమిది కాళ్ల సాలీడుగా మాత్రమే వస్తుంది. చీమల పక్కన, ఆ చెట్టు మీద ఉన్నప్పుడే ఇది చీమ.


కొండగాలి
జూన్ 29, మధ్యాహ్నం 1:15

జీడితోట గారి ఫొటో చూశాను. ఆ కాళ్లు ఆడించే తీరు బల్ల మీద రాదు, ఒప్పుకోవాల్సిందే. చనిపోయి దొరికిన పురుగుల్ని ఇంట్లో తీయడంలో తప్పు లేదనే ఇప్పటికీ నా అభిప్రాయం. మైక్రోస్కోప్ ఆబ్జెక్టివ్‌తో ఈగ కన్ను తీయడానికి అదొక్కటే దారి.


తూనీగ
జూన్ 29, మధ్యాహ్నం 1:40

చనిపోయి దొరికినవాటి విషయంలో నాకే అభ్యంతరమూ లేదు. ఫొటో కింద ఆ మాట రాస్తే చాలు.

మరో సంగతి. కంబాలకొండ లోపల ఇవేవీ కుదరవు. సుమారు 70 చదరపు కిలోమీటర్ల ఆ అడవి 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కిందకు వచ్చే సంరక్షణ కేంద్రం. కెమెరాతో వెళ్లాలంటే అటవీశాఖ అనుమతి అడిగి వెళ్లండి, లోపలి నుంచి ఏ ప్రాణినీ, ఏ మొక్కనూ బయటికి తేకూడదు. ఎర్రమట్టి దిబ్బలు కూడా జాతీయ భూవారసత్వ స్థలం. ఫొటో కోసం వాలు ఎక్కితే మన అడుగుల వెంటే మట్టి జారుతుంది. కింది బాట మీద కనిపించేవే చాలు.


మూడో అంతస్తు
జూన్ 29, సాయంత్రం 6:05

మాది ఎంవీపీ కాలనీలో ఫ్లాటు. బాల్కనీలో బట్టలారేసే తీగకు తేనెపిట్ట గూడు కట్టింది. సంచిలా వేలాడుతోంది, పక్కన ద్వారం, దాని మీద చిన్న చూరు. బయటంతా సాలెగూడు దారాలు, చెక్క పొట్టు, ఎండుటాకు ముక్కలు అతికించి ఉంది. అది గూడని చెబితే తప్ప తెలియనంత చెత్తగా కనిపిస్తుంది, అంత తెలివిగా కట్టింది! మా అబ్బాయి కెమెరా ఇక్కడే ఉంది, 70–300 లెన్సు. నేను తీయవచ్చా? దానికి ఇబ్బంది కలగకుండా ఎలాగో చెప్పండి. బట్టలు మరోచోట ఆరేస్తున్నాం.


గవ్వల తీరం
జూన్ 29, రాత్రి 7:30

బట్టలు మరోచోట ఆరేస్తున్నందుకు ముందుగా మీకు నమస్కారం అక్కా.

గూడు కడుతున్నప్పుడూ, పొదగడం మొదలైన తొలి రోజుల్లోనూ తీయకండి. తల్లి గూడు వదిలి వెళ్లిపోయే ప్రమాదం అప్పుడే ఎక్కువ. సుమారు రెండు వారాలు పొదుగుతుంది. పిల్లలు వచ్చాక తల్లిదండ్రులు మేత తెస్తూ ఉన్నప్పుడు, గది లోపలి నుంచి, కర్టెన్ సందులోంచి తీయండి. ఫ్లాష్ అసలు వద్దు. గూటికి అడ్డుగా ఉన్న ఆకునో కొమ్మనో తొలగించవద్దు, దానికి ఆ మాటే రక్షణ. కాకులు మనుషులు ఏం చూస్తున్నారో గమనిస్తుంటాయి. బాల్కనీలోకి మాటిమాటికీ వెళ్తే మీరే వాటికి దారి చూపినట్టవుతుంది. మేత పట్టుకొచ్చిన పిట్ట గూటికి రాకుండా దూరంగా కూర్చుని అరుస్తోందంటే మీరు అక్కడ ఉండటం దానికి ఇష్టం లేదని అర్థం. వెంటనే లోపలికి వెళ్లిపోండి.

సెట్టింగులకొస్తే, తేనెపిట్ట ఒక్క చోట నిలవదు కాబట్టి షట్టర్ సెకనులో 1000వ వంతు కంటే నెమ్మదిగా ఉండకూడదు, ఐఎస్‌ఓ (వెలుగుకు సెన్సర్ స్పందించే స్థాయి) పెరిగినా ఫరవాలేదు. గూటి మీద కాకుండా, పిట్ట గూటికి ముందు ఆగే చోటు ఒకటి ఉంటుంది, దాని మీద ఫోకస్ పెట్టుకుని ఆగండి. మగదాని మెడ మీది రంగు పక్క నుంచి పడే పొద్దుటి వెలుగులో మాత్రమే మెరుస్తుంది. వేరే కోణంలో నల్లగా వస్తుంది. అది లోపం కాదు, ఆ ఈకల తీరే అంత. ఫోనులో పిట్ట కూత వినిపించి దగ్గరికి రప్పించే పని ఎవరు చెప్పినా చేయకండి.


మూడో అంతస్తు
జూన్ 30, ఉదయం 7:00

అలాగేనమ్మా. ఇంకా పొదుగుతున్నట్టే ఉంది. పిల్లలు వచ్చేదాకా కెమెరా పెట్టెలోనే ఉంటుంది.


పాత కెమెరా
జూన్ 30, ఉదయం 7:20

పెట్టె అంటే గుర్తొచ్చింది. మీ అబ్బాయి లెన్సును ఒకసారి వెలుగుకు ఎదురుగా పట్టి చూడండి. లోపల సాలెగూడులా సన్నటి తెల్లటి తీగలు కనిపిస్తే అది బూజు. విశాఖ తేమలో తోలు సంచిలో, బట్టల బీరువాలో దాచిన ఏ లెన్సుకైనా పట్టేస్తుంది, పట్టాక అద్దం మీది పూతను తినేస్తుంది. గాలి చొరని ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి అందులో ఉంచండి. రంగు మారినప్పుడు వేడిచేసి మళ్లీ వాడుకోవచ్చు. తేమ 40 నుంచి 50 శాతం మధ్య ఉంటే చాలు, మరీ ఎండబెట్టనవసరం లేదు. అన్నిటికంటే మంచి మందు లెన్సును తరచూ బయటికి తీసి వాడటం.

ఏసీ గదిలోంచి నేరుగా బాల్కనీలోకి తీసుకెళ్తే అద్దం మీద వెంటనే ఆవిరి పట్టేస్తుంది. సంచి మూసి ఉంచి, బయటి వేడికి అలవాటు పడ్డాకే తీయాలి. పొద్దున్నే బయలుదేరేవాళ్లు రాత్రే కెమెరా సంచిని ఏసీ లేని గదిలో పెట్టుకోవడం మేలు.


సెల్లు చిత్రాలు
జూన్ 30, రాత్రి 9:30

క్లిప్పు లెన్సు వచ్చింది! కరివేపాకు మీద రెట్టలాంటి గొంగళి పురుగు దొరికింది, ఫొటో పెట్టాను. తూనీగ గారూ, దాని పక్క ఆకు మీదే ఈ చిన్న సాలీడు కూడా ఉంది. గోధుమ రంగు, వెన్ను మీద తెల్లటి చారలు. పేరు చెప్పగలరా?


తూనీగ
జూన్ 30, రాత్రి 10:05

గొంగళి పురుగు మీద ఆ తడి మెరుపు కూడా వచ్చింది, చాలా బాగా తీశారు. సాలీడును వెన్ను చూసి చెప్పడం కష్టం. వాటిని కళ్ల వరుసను బట్టి పోలుస్తారు. రేపు పొద్దున్న అక్కడే ఉంటే ముఖం ఎదురుగా ఒకటి, పై నుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి తీయండి. గూడు అల్లిందా, ఊరికే తిరుగుతోందా, అది కూడా రాయండి. మూడూ కలిపి ఐనాచురలిస్ట్‌లో (చూసిన ప్రాణుల్ని నమోదు చేసే వెబ్‌సైటు) ఒకే నమోదుగా పెడితే నాకంటే బాగా తెలిసినవాళ్లు కూడా చూస్తారు. మీ ఇంటి చిరునామా బయటపడకుండా చోటును దాచే వీలు అందులోనే ఉంది, అది ఎంచుకోవడం మరచిపోకండి.